అణుశక్తికి కళ్లెం వేసిన మనిషి: ఎన్రికో ఫెర్మీ

మన సీఎస్ఈ వాళ్ళకి ఫిజిక్స్ అంటే ఫస్ట్ ఇయర్‌తో అయిపోయిన సబ్జెక్ట్. అయినా ఈ సంచికకి ఒక ఫిజిక్స్ మనిషి గురించే రాయాలనిపించింది. అణు విద్యుత్తు మంచిదా చెడ్డదా అనే చర్చ వస్తే రెండు వైపుల వాళ్ళూ గట్టిగా మాట్లాడతారు. కానీ దాన్ని మొట్టమొదట నడిపిన మనిషి ఎలా నడిపాడు, ఎంత జాగ్రత్తగా నడిపాడు, అంత జాగ్రత్తలోనూ ఎక్కడ పప్పులో కాలేశాడు అన్నది పెద్దగా ఎవరూ చెప్పరు. ఆ మనిషి ఎన్రికో ఫెర్మీ. అతని కథ తెలిస్తే అణు రియాక్టర్ ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. దాని లాభం ఎక్కడుంది, ప్రమాదం ఎక్కడుంది అన్నదీ అర్థమవుతుంది.

సంతలో దొరికిన పుస్తకం

ఫెర్మీ 1901 సెప్టెంబర్ 29న ఇటలీలోని రోమ్‌లో పుట్టాడు. తండ్రి రైల్వే శాఖలో ఉద్యోగి, తల్లి స్కూల్ టీచర్. ఎన్రికోకి ఒక అక్క, ఒక అన్న. అన్న జూలియోకి, ఇతనికి ఏడాదే తేడా. ఇద్దరూ కలిసి చిన్న చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు తయారు చేసేవాళ్ళు. 1915లో గొంతులో వచ్చిన గడ్డకి చిన్న ఆపరేషన్ చేయిస్తుంటే జూలియో చనిపోయాడు. తల్లి ఆ దుఃఖం నుంచి చాలాకాలం తేరుకోలేదు. ఎన్రికో ఏడుపు బయటికి కనిపించనీయకుండా పుస్తకాల్లో తలదాచుకున్నాడు.

రోమ్‌లో కాంపో దె ఫియోరి అనే చోట సంత జరిగేది. అక్కడ పాత పుస్తకాల్లో అతనికి రెండు భాగాల ఫిజిక్స్ పుస్తకం దొరికింది. 1840లో ఒక క్రైస్తవ గురువు రాసింది, అదీ లాటిన్‌లో. పద్నాలుగేళ్ళ కుర్రాడు దాన్ని మొత్తం చదివేశాడు. తర్వాత తండ్రి దగ్గర పనిచేసే ఒక ఇంజినీర్ ఇతని తెలివి గమనించి, తన దగ్గరున్న లెక్కల పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి ఇస్తూ పోయాడు. 1918లో పీసా నగరంలోని పేరున్న కాలేజీకి ఎంట్రన్స్ రాసినప్పుడు, ధ్వని గురించి అడిగిన ప్రశ్నకి ఇంటర్ వయసు పిల్లాడు రాయాల్సిన జవాబు కాకుండా పీహెచ్‌డీ స్థాయి గణితంతో జవాబు రాశాడు. పేపర్ దిద్దినాయనకి నోట మాట రాలేదట.

1922లో డాక్టరేట్ వచ్చింది. 1926లో, ఎలక్ట్రాన్ల లాంటి కణాలు గుంపుగా ఉన్నప్పుడు ఎలా ప్రవర్తిస్తాయో చెప్పే లెక్క కనిపెట్టాడు. అదే ఏడాది బ్రిటన్‌లో డిరాక్ విడిగా అదే లెక్కకి చేరాడు కాబట్టి దాన్ని ఫెర్మీ-డిరాక్ స్టాటిస్టిక్స్ అంటారు. మన ల్యాప్‌టాప్ చిప్‌లో కరెంట్ ఎలా పోతుందో ఈ లెక్క లేకుండా చెప్పలేం. కాబట్టి ఫెర్మీ మనకి అంత పరాయివాడేం కాదు.

పాతికేళ్ళు నిండుతున్న సమయానికే రోమ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. తన చుట్టూ కుర్రాళ్ళ జట్టు ఒకటి తయారైంది. ఫెర్మీ ఏ లెక్క చెప్పినా తప్పు పోదని ఆ జట్టులో అతనికి పోప్ అని పేరు పెట్టారు. 1928లో లారా కపోన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమెది యూదు కుటుంబం, తండ్రి ఇటలీ నౌకాదళంలో పెద్ద అధికారి. ఆ కుటుంబ నేపథ్యమే పదేళ్ళ తర్వాత వీళ్ళ జీవితాన్ని తలకిందులు చేసింది.

చెక్క బల్ల చెప్పిన రహస్యం

1934 మొదట్లో ప్యారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు ఆల్ఫా కణాలతో కొట్టి మామూలు మూలకాలని రేడియోధార్మికంగా మార్చగలిగారు. ఆల్ఫా కణానికి పాజిటివ్ చార్జ్ ఉంటుంది, పరమాణు కేంద్రకానికీ పాజిటివ్ చార్జే. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మరి అసలు చార్జే లేని న్యూట్రాన్‌తో కొడితే? ఎవరూ ఆపకుండా నేరుగా లోపలికి వెళ్లిపోతుంది కదా అని ఫెర్మీ ఆలోచించాడు.

పీరియాడిక్ టేబుల్‌లో మొదటి గడి నుంచి మొదలుపెట్టి వరసగా ఒక్కో మూలకాన్ని న్యూట్రాన్లతో కొడుతూ వెళ్లాడు. మొదట్లో ఏమీ రాలేదు. ఫ్లోరిన్ దగ్గర కౌంటర్ టక్‌టక్‌మంది. కొన్ని మూలకాల రేడియోధార్మికత నిమిషంలోపే ఆరిపోయేది. కౌంటర్ పెట్టిన గది కారిడార్ అవతలి చివర ఉండేది. అందుకని ప్రొఫెసర్ గారూ, శిష్యుడూ శాంపిల్ చేతపట్టుకుని కారిడార్‌లో పరుగు పందెం పెట్టుకునేవాళ్ళు.

1934 అక్టోబర్‌లో ఒక విచిత్రం జరిగింది. ఒకే వెండి ముక్కని పాలరాతి బల్ల మీద పెట్టి న్యూట్రాన్లతో కొడితే ఒక రకంగా, చెక్క బల్ల మీద పెట్టి కొడితే దానికంటే చాలా ఎక్కువగా రేడియోధార్మికత వస్తోంది. బల్లకీ భౌతికశాస్త్రానికీ ఏం సంబంధం? ఫెర్మీ అక్టోబర్ 22న మధ్యలో మైనపు దిమ్మ పెట్టి చూశాడు. కౌంటర్ పిచ్చిపట్టినట్టు కొట్టుకుంది. మధ్యాహ్న భోజనం అయ్యేలోపు కారణం తెలిసిపోయింది.

గోళీలాట గుర్తు తెచ్చుకోండి. గోళీ వెళ్లి పెద్ద బండని కొడితే అంతే వేగంతో వెనక్కి వస్తుంది. తన సైజే ఉన్న ఇంకో గోళీని కొడితే మాత్రం వేగం అంతా దానికిచ్చేసి తను ఆగిపోతుంది. న్యూట్రాన్ బరువు, హైడ్రోజన్ కేంద్రకం బరువు దాదాపు ఒకటే. మైనంలో, చెక్కలో, నీళ్లలో హైడ్రోజన్ బోలెడు ఉంటుంది. న్యూట్రాన్ వాటికి గుద్దుకుని గుద్దుకుని నెమ్మదిస్తుంది. నెమ్మదించిన న్యూట్రాన్ కేంద్రకం దగ్గర ఎక్కువసేపు గడుపుతుంది కాబట్టి దొరికిపోయే అవకాశం ఎక్కువ. నిర్ధారణ కోసం అదే రోజు సాయంత్రం జట్టంతా ఇన్‌స్టిట్యూట్ వెనక తోటలో బంగారు చేపలున్న కొలనులో ఈ ప్రయోగం చేసింది. నీళ్లలోనూ అదే ఫలితం వచ్చింది.

ఇవాళ రియాక్టర్‌లో మోడరేటర్ అని మనం చదివేది ఇదే. న్యూట్రాన్ల వేగం తగ్గించే పదార్థం. మన దేశంలో ఎక్కువ రియాక్టర్లు దీనికి భారజలం వాడతాయి. ఆ భారజలం తయారుచేసే ప్లాంట్లలో ఒకటి తెలంగాణలోని మణుగూరులో ఉంది. ఆ చెక్క బల్ల నుంచి మణుగూరు దాకా దారి ఒక్కటే.

పోప్ చేసిన పొరపాటు

న్యూట్రాన్లతో కొట్టుకుంటూ వెళ్లి ఫెర్మీ జట్టు అప్పటికి టేబుల్‌లో చివరిదైన యురేనియం దాకా చేరింది. యురేనియం నుంచి కొత్త రకం రేడియోధార్మికత వచ్చింది. యురేనియం కంటే బరువైన కొత్త మూలకం తయారైందని వాళ్ళు అనుకున్నారు. నిజానికి అక్కడ జరిగింది వేరు. యురేనియం కేంద్రకం రెండు ముక్కలైపోతోంది.

ఆ అవకాశం ఉందని ఇడా నోడాక్ అనే జర్మన్ కెమిస్ట్ 1934లోనే రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. రోమ్ జట్టు ఒక ప్రయోగంలో యురేనియం మీద పల్చటి అల్యూమినియం రేకు కప్పింది. అనవసరమైన కణాలు కౌంటర్‌లోకి రాకూడదని పెట్టిన రేకు అది. ముక్కలైన కేంద్రకాలని ఆపేసింది కూడా ఆ రేకే. అది లేకపోతే కౌంటర్‌లో పెద్ద పెద్ద పల్స్‌లు కనిపించి ఉండేవి. జాగ్రత్త కోసం పెట్టిన రేకే అసలు విషయాన్ని దాచేసింది. పరమాణువు పగిలే సంగతి 1934లో కాకుండా 1938 చివర్లో బయటపడింది. హిట్లర్, ముస్సోలినీ ప్రపంచాన్ని యుద్ధంలోకి లాగుతున్న ఆ రోజుల్లో నాలుగేళ్ళ తేడా చిన్నది కాదు. ఇటలీ, జర్మనీలకి ముందే తెలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకి వ్యతిరేకంగా చట్టాలు తెచ్చింది. లారాకి, పిల్లలకి ముప్పు ముంచుకొచ్చింది. సరిగ్గా ఆ నవంబర్‌లోనే ఫెర్మీకి నోబెల్ బహుమతి ప్రకటించారు. బహుమతి తీసుకోవడానికి డిసెంబర్‌లో కుటుంబమంతా స్టాక్‌హోమ్ వెళ్లింది. అక్కడి నుంచి ఇంటికి తిరిగి వెళ్లలేదు. నేరుగా ఓడెక్కి 1939 జనవరి 2న న్యూయార్క్‌లో దిగారు. లారా తండ్రి మాత్రం రోమ్‌లోనే ఉండిపోయాడు. నౌకాదళంలో అంత సేవ చేసినవాణ్ణి ఏం చేస్తారులే అనుకున్నాడు. 1943 అక్టోబర్‌లో నాజీలు ఆయన్ని పట్టుకుపోయి ఆష్విట్జ్‌లో చంపేశారు.

ఫెర్మీ అమెరికాలో దిగిన రెండు వారాలకే నీల్స్ బోర్ యూరప్ నుంచి కబురు తెచ్చాడు. బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ ప్రయోగం చేశారు, లీజా మైట్నర్, ఫ్రిష్ దాని అర్థం చెప్పారు. యురేనియం పగులుతోంది. అంటే ఫెర్మీ కొత్త మూలకాలు అనుకున్నవి చాలావరకు పగిలిన ముక్కలే. అప్పుడే నోబెల్ తీసుకుని వచ్చిన మనిషికి ఇది ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫెర్మీ తప్పు ఒప్పుకుని, అచ్చుకి వెళ్ళే తన నోబెల్ ప్రసంగానికి కింద ఒక నోట్ చేర్చి, వెంటనే తర్వాతి పనిలో పడ్డాడు.

ఒకటి అనే అంకె

ఆ తర్వాతి పని ఏంటంటే చైన్ రియాక్షన్. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో శృంఖల చర్య అంటారు. ఒక న్యూట్రాన్ యురేనియం-235 కేంద్రకాన్ని పగలగొడితే రెండో మూడో కొత్త న్యూట్రాన్లు వస్తాయి. అవి ఇంకొన్ని కేంద్రకాలని పగలగొడతాయి. పగిలిన ప్రతిసారీ కొంత ద్రవ్యరాశి శక్తిగా మారుతుంది. ఒక్క గ్రాము యురేనియం-235 పూర్తిగా పగిలితే వచ్చే వేడి, దాదాపు మూడు టన్నుల మంచి బొగ్గు కాలిస్తే వచ్చే వేడికి సమానం. ఆ వేడితో నీళ్ళు మరిగించి, ఆవిరితో టర్బైన్ తిప్పితే కరెంట్. టర్బైన్ దగ్గర్నుంచి చూస్తే బొగ్గు ప్లాంట్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు.

కథంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. ఒక తరం న్యూట్రాన్లు వంద ఉంటే, తర్వాతి తరంలో ఎన్ని? వంద కంటే తక్కువైతే మంట ఆరిపోతుంది. వంద కంటే ఎక్కువైతే పెరుగుతూ పోతుంది. మన భాషలో చెప్పాలంటే బేస్ కేస్ లేని రికర్షన్. సరిగ్గా వందకి వందే అయితే నిలకడగా నడుస్తుంది. ఈ నిష్పత్తిని ఒకటి దగ్గర పట్టి ఉంచడమే రియాక్టర్ నడపడం అంటే.

కానీ న్యూట్రాన్ల తరాలు సెకనులో చిన్న భాగంలో మారిపోతాయి. అంత వేగాన్ని మనిషి చెయ్యి ఎలా అదుపు చేస్తుంది? ఇక్కడ ప్రకృతి మనకి ఒక సాయం చేసింది. యురేనియం నుంచి వచ్చే ప్రతి వెయ్యి న్యూట్రాన్లలో ఆరేడు మాత్రం వెంటనే రావు. పగిలిన ముక్కల నుంచి కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం ఆలస్యంగా వస్తాయి. రియాక్టర్‌ని ఈ ఆలస్యపు న్యూట్రాన్ల మీద ఆధారపడేట్టు నడిపితే, దాని పెరుగుదల నిమిషాల లెక్కలోకి వస్తుంది. రాడ్‌లు దించడానికి టైమ్ దొరుకుతుంది. ఆ వెయ్యిలో ఆరేడు లేకపోతే అణు విద్యుత్ కేంద్రాలు నడపడం దాదాపు అసాధ్యమయ్యేది.

షికాగో, 1942 డిసెంబర్ 2

కొలంబియా యూనివర్సిటీలో ఫెర్మీ, హంగేరీ నుంచి వచ్చిన లియో జిలార్డ్ కలిసి పని మొదలుపెట్టారు. మోడరేటర్‌గా గ్రాఫైట్ ఎంచుకున్నారు. గ్రాఫైట్‌లో బోరాన్ ఆనవాళ్ళు కొంచెం ఉన్నా న్యూట్రాన్లని మింగేస్తుందని జిలార్డ్ పట్టుబట్టి స్వచ్ఛమైన గ్రాఫైట్ చేయించాడు. జర్మన్లు తమ మలిన గ్రాఫైట్ పనికిరాలేదని దాన్ని వదిలేసి భారజలం వెంట పడ్డారు. గ్రాఫైట్ దిమ్మలు మోయలేక ఫిజిక్స్ వాళ్ళు నల్లగా మాసిపోయి ఆపసోపాలు పడుతుంటే, కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ కుర్రాళ్ళని కూలికి పిలిచారు.

1941 డిసెంబర్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. దాంతో ఇటలీ పౌరుడైన ఫెర్మీ కాగితాల మీద శత్రుదేశస్థుడు అయిపోయాడు. అమెరికా అతి రహస్యమైన ప్రాజెక్ట్‌కి ముఖ్యుడు, కానీ ఊరు దాటాలంటే పర్మిషన్ తీసుకోవాలి. 1942 అక్టోబర్ దాకా ఇదే పరిస్థితి.

రియాక్టర్‌ని షికాగో బయట అడవిలో కట్టాలనుకున్నారు. కూలీల సమ్మె వల్ల అక్కడ భవనం సిద్ధం కాలేదు. ఊరి మధ్యలోనే యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల కింద ఉన్న ఆటల గదిలో కట్టేద్దామని ఫెర్మీ ప్రతిపాదించాడు. ప్రాజెక్ట్ పెద్ద ఆర్థర్ కాంప్టన్ ఆ లెక్కలని నమ్మి, యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కి కూడా చెప్పకుండా ఒప్పుకున్నాడు. లక్షల మంది ఉన్న నగరం నడిబొడ్డున ఇలాంటి ప్రయోగం. ఇవాళైతే ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

సుమారు 45,000 గ్రాఫైట్ దిమ్మలు, 57 వరసలు. మధ్యమధ్యలో యురేనియం ముద్దలు. చుట్టూ రేడియేషన్ ఆపే గోడ లేదు, చల్లబరిచే ఏర్పాటు లేదు. న్యూట్రాన్లని మింగే కాడ్మియం తాపడం చేసిన రాడ్‌లు మాత్రం ఉన్నాయి. ఒకటి చేత్తో లాగేది. ఇంకొకటి ఆటోమేటిక్‌గా పడిపోయేది. మరొకటి తాడుతో వేలాడదీసి, ఆ తాడు నరకడానికి గొడ్డలితో ఒక మనిషిని నిలబెట్టారు. అన్నీ విఫలమైతే పైనుంచి కాడ్మియం కలిపిన నీళ్ళు కుమ్మరించడానికి ముగ్గురు కుర్రాళ్ళు.

డిసెంబర్ 2 ఉదయం నలభై మందికి పైగా ఆ గదిలో చేరారు. వాళ్ళలో ఒకే ఒక్క అమ్మాయి, 23 ఏళ్ళ లియోనా వుడ్స్. న్యూట్రాన్లు లెక్కపెట్టే డిటెక్టర్ ఆమె తయారు చేసిందే. ఫెర్మీ చేతిలో స్లైడ్ రూల్. జార్జ్ వైల్ అనే అతను రాడ్‌ని కొంచెం కొంచెంగా బయటికి లాగుతున్నాడు. లాగిన ప్రతిసారీ కౌంట్ ఎంతకి పెరిగి ఎక్కడ ఆగుతుందో ఫెర్మీ ముందే లెక్క వేసి చెప్తున్నాడు, సరిగ్గా అక్కడే ఆగుతోంది. ఉదయం పదకొండున్నర ప్రాంతంలో పెద్ద శబ్దం. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆటోమేటిక్ రాడ్ హద్దుని మరీ తక్కువ దగ్గర పెట్టడం వల్ల అదే పడిపోయింది.

గెలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. మనమైతే రాడ్ మళ్ళీ పైకెత్తి పని కానిచ్చేవాళ్ళం. ఫెర్మీ అందరినీ భోజనానికి వెళ్దాం పదండి అన్నాడు. రాడ్‌లన్నీ లోపలికి దించి, తాళం వేసి, తినడానికి వెళ్లారు.

మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టారు. 3 గంటల 25 నిమిషాలకి కౌంట్ పెరుగుతూనే ఉంది, ఆగడం లేదు. నిష్పత్తి ఒకటి దాటింది. ఫెర్మీ 28 నిమిషాలు నడవనిచ్చి ఆపించేశాడు. అప్పుడు వచ్చిన శక్తి అర వాట్. ఒక చిన్న ఎల్ఈడీకి సరిపోతుందేమో. చప్పట్లు లేవు. యూజీన్ విగ్నర్ తెచ్చిన ఒక వైన్ సీసా కాగితపు కప్పుల్లో పంచుకుని తాగి, సీసా చుట్టూ ఉన్న గడ్డి తొడుగు మీద సంతకాలు చేశారు.

మళ్ళీ లెక్కలో లేనిది

షికాగో నుంచి పెద్ద రియాక్టర్‌కి వెళ్లాలి. ప్లుటోనియం కోసం వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్ దగ్గర బి రియాక్టర్ కట్టారు. 1944 సెప్టెంబర్‌లో మొదటి ఇంధన ముక్కని ఫెర్మీ స్వయంగా పెట్టాడు. రియాక్టర్ బ్రహ్మాండంగా మొదలై, కొన్ని గంటలకి దానంతటదే తగ్గిపోతూ చివరికి ఆగిపోయింది. మర్నాడు దానంతటదే మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది.

కారణం జినాన్-135. యురేనియం పగిలితే వచ్చే ముక్కల నుంచి పుట్టే వాయువు ఇది. న్యూట్రాన్లని విపరీతంగా మింగుతుంది. తొమ్మిది గంటల్లో సగం అవుతుంది కాబట్టి, రియాక్టర్ ఆగితే జినాన్ తగ్గి మళ్ళీ లేస్తుంది. చిన్న రియాక్టర్‌లో ఇది కనిపించేంత మోతాదులో పుట్టలేదు. అంత పెద్ద పోప్ గారి లెక్కలోనూ ఇది లేదు.

ప్రాజెక్ట్‌ని కాపాడింది కట్టిన డ్యూపాంట్ కంపెనీ ఇంజినీర్లు. ఫిజిక్స్ వాళ్ళు 1,500 గొట్టాలు చాలు అన్నా, ఎందుకైనా మంచిదని వాళ్ళు 2,004 గొట్టాలకి చోటు పెట్టారు. అప్పట్లో అది అనవసరపు ఖర్చు అని ఫిజిక్స్ వాళ్ళు విసుక్కున్నారు. ఆ అదనపు గొట్టాల్లో ఇంధనం నింపితే జినాన్ లోటు పూడింది. ఇంజినీరింగ్ చదివే మనకి ఈ ఒక్క సంఘటన చాలు అనిపిస్తుంది.

ఆ జినానే నలభై ఏళ్ళ తర్వాత ఇంకోచోట ప్రత్యక్షమైంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో ఒక టెస్ట్ కోసం పవర్ తగ్గించారు. జినాన్ పేరుకుని పవర్ ఇంకా పడిపోయింది. టెస్ట్ ఆపేయాల్సింది పోయి, ఆపరేటర్లు కంట్రోల్ రాడ్‌లు దాదాపు అన్నీ బయటికి లాగేశారు. ఆ రియాక్టర్ డిజైన్‌లో నీరు ఆవిరైతే శక్తి ఇంకా పెరిగే గుణం ఉంది. రాడ్‌లు దించడం మొదలుపెట్టగానే వాటి చివర్లలో ఉన్న గ్రాఫైట్ వల్ల క్షణకాలం శక్తి పెరిగింది. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ఫెర్మీ భోజనానికి లేచిన ఆ క్షణానికీ, చెర్నోబిల్‌లో టెస్ట్ పూర్తి చేసెయ్యాలన్న ఆ తొందరకీ తేడా చూడండి.

బాంబు

ఫెర్మీ కథలో ఈ భాగాన్ని దాటేసి వెళ్లడం కుదరదు. హాన్‌ఫర్డ్‌లో తయారైన ప్లుటోనియంతో 1945 జూలై 16న న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పరీక్ష చేశారు. ఫెర్మీ పదిహేను కిలోమీటర్లకి పైగా దూరంలో నిలబడి, పేలుడు గాలి వచ్చే సమయానికి కాగితం ముక్కలు కిందికి వదిలాడు. అవి ఎంత దూరం జరిగాయో అడుగులతో కొలిచి, పదివేల టన్నుల టీఎన్‌టీతో సమానం అని లెక్క చెప్పాడు. అసలు విలువ దానికి రెట్టింపు దాకా ఉంది. చేతిలో కాగితం ముక్కలు తప్ప ఏమీ లేని మనిషికి ఇది గొప్ప అంచనానే.

కానీ దానికి నెల ముందు ఇంకో లెక్క ఉంది. బాంబుని జపాన్ మీద వేయకుండా ఉత్తి ప్రదర్శనతో యుద్ధం ముగించగలమా అని ప్రభుత్వం నలుగురు శాస్త్రవేత్తలని అడిగింది. ఓపెన్‌హైమర్, కాంప్టన్, లారెన్స్, ఫెర్మీ. నేరుగా వాడటం తప్ప తమకి వేరే దారి కనిపించడం లేదని ఆ నలుగురూ చెప్పారు. హిరోషిమా, నాగసాకి తర్వాత ఆ జవాబు వాళ్ళ జీవితాంతం వాళ్ళతోనే ఉంది.

1949లో హైడ్రోజన్ బాంబు చేయాలా వద్దా అనే ప్రశ్న వచ్చినప్పుడు ఫెర్మీ మాట మారింది. ఐసిడోర్ రాబీతో కలిసి, హద్దు లేని విధ్వంసం చేసే ఆయుధం నైతికంగా తప్పని రాసిచ్చాడు. ప్రభుత్వం వినలేదు. ఆ తర్వాత అతనే దాని లెక్కల్లో కొంత సాయం కూడా చేశాడు. ఇక్కడ అతన్ని హీరోగానో విలన్‌గానో తేల్చేయడం సులువు, కానీ ఆ రెండింట్లో ఏదీ పూర్తి నిజం కాదు.

చివరి సంవత్సరాలు

యుద్ధం తర్వాత ఫెర్మీ షికాగోలో పాఠాలు చెప్పుకుంటూ ఉన్నాడు. మన చంద్రశేఖర్ అక్కడే అతని సహోద్యోగి. ఈ నగరంలో పియానో ట్యూన్ చేసేవాళ్ళు ఎంతమంది లాంటి ప్రశ్నలు వేసి అంచనా కట్టించడం అతని అలవాటని చెప్తారు. ఇంటర్వ్యూల్లో మనల్ని అడిగే ఎస్టిమేషన్ ప్రశ్నలకి అతని పేరే ఉంది.

వేసవుల్లో లాస్ అలమోస్ వెళ్లి అప్పుడే వచ్చిన మానియాక్ కంప్యూటర్ మీద పనిచేశాడు. పాస్టా, ఉలామ్‌తో కలిసి, స్ప్రింగ్‌లతో కట్టిన బరువుల వరస ఊగితే శక్తి ఎలా పంచుకుంటుందో సిమ్యులేషన్ చేశారు. కోడ్ రాసింది మేరీ త్సింగూ. శక్తి అన్నిటికీ సమానంగా పంచుకుపోతుంది అనుకున్నారు. అలా జరగలేదు, తిరిగి దాదాపు మొదటి స్థితికే వచ్చింది. కంప్యూటర్‌తో చేసిన తొలి సైన్స్ ప్రయోగాల్లో ఇదొకటి. లెక్క తప్పిందని ఫెర్మీ బాధపడలేదు, ఇదేదో కొత్త విషయం అని సంతోషించాడు.

1951 డిసెంబర్‌లో ఐడహోలో ఒక రియాక్టర్ నాలుగు బల్బులు వెలిగించింది. దాన్ని కట్టిన వాల్టర్ జిన్, షికాగో ఆటల గదిలో ఫెర్మీ కుడిభుజం. 1954 జూన్‌లో సోవియట్ యూనియన్‌లోని ఓబ్నిన్‌స్క్ కేంద్రం గ్రిడ్‌కి కరెంట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ శరదృతువులోనే ఫెర్మీకి కడుపులో క్యాన్సర్ అని తేలింది. హాస్పిటల్ మంచం మీద పడుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని, తనకి ఎక్కుతున్న ద్రవం చుక్కలు లెక్కపెట్టి ఎంత వేగంతో పోతోందో చూస్తున్నాడని చూడ్డానికి వెళ్లిన పాత శిష్యుడు సెగ్రే చెప్పాడు. 1954 నవంబర్ 28న, 53 ఏళ్ళకే చనిపోయాడు. తర్వాత నూరో మూలకానికి ఫెర్మియం అని పేరు పెట్టారు. అది మొదట దొరికింది అతను వద్దన్న హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిదలో.

మరి మనకి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. అణు విద్యుత్తు లాభాలు మామూలువి కావు. నడుస్తున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ రాదు. ఎండ, గాలి లేకపోయినా పగలూ రాత్రీ నడుస్తుంది. కొంచెం ఇంధనం చాలు, కొంచెం స్థలం చాలు. బొగ్గు పొగ వల్ల ఏటా పోయే ప్రాణాలతో పోల్చి యూనిట్‌కి లెక్క వేస్తే, చెర్నోబిల్‌ని కలుపుకున్నా అణు విద్యుత్తు చాలా తక్కువ మందిని బలి తీసుకుంది.

నష్టాలూ మామూలువి కావు. కట్టడానికి ఏళ్ళు, వేల కోట్లు పడుతుంది. రియాక్టర్ ఆపేసినా వేడి ఆగదు. ఆపిన క్షణంలో కూడా పగిలిన ముక్కల నుంచి పూర్తి శక్తిలో ఆరేడు శాతం వేడి వస్తూనే ఉంటుంది. 2011 మార్చి 11న ఫుకుషిమాలో భూకంపానికి రియాక్టర్లు సరిగ్గానే ఆగాయి. కానీ సునామీ నీళ్ళు డీజిల్ జనరేటర్లని ముంచేశాయి, చల్లబరిచే పంపులు ఆగాయి, మూడు రియాక్టర్ల లోపలి భాగం కరిగిపోయింది. ఇక వ్యర్థాలు. ప్లుటోనియం-239 సగం కావడానికే 24,000 ఏళ్ళు. ఫిన్లాండ్ నాలుగు వందల మీటర్లకి పైగా లోతు రాతిలో సొరంగాలు తవ్వి అక్కడ పాతిపెట్టే ఏర్పాటు చేసింది. చాలా దేశాలకి ఆ మాత్రం ఏర్పాటు కూడా ఇంకా లేదు.

ఇది మనకి దూరపు సంగతి కాదు. మన రియాక్టర్లకి ఇంధన కట్టలు తయారయ్యేది హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో. యురేనియం గని కడప జిల్లా తుమ్మలపల్లెలో ఉంది. అక్కడ వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్ళు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదులు చేశారు. నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసింది. శ్రీకాకుళం తీరంలో కొవ్వాడ దగ్గర పెద్ద కేంద్రం ప్రతిపాదన ఉంది, అక్కడి మత్స్యకారులకి ఊరు పోతుందన్న బెంగ ఉంది.

ఫెర్మీ జీవితం చదివాక నాకు అణుశక్తి మీద భయం పోలేదు, గుడ్డి నమ్మకమూ రాలేదు. ప్రపంచంలో అందరికంటే బాగా లెక్క వేయగలిగిన మనిషికే అల్యూమినియం రేకు అడ్డొచ్చింది, జినాన్ అడ్డొచ్చింది. కాబట్టి ఏ ప్లాంట్ గురించైనా అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయనిపిస్తుంది. లెక్కలో లేనిది ఎదురైతే ఏం చేయడానికి చోటు ఉంచారు? అదనపు గొట్టాలు పెట్టమన్న ఇంజినీర్ మాట విన్నారా? బోరు నీళ్ళు పాడయ్యాయన్న రైతు మాట విన్నారా? ఏదో తేడాగా ఉంది, ఇవాళ్టికి ఆపేద్దాం అనే అధికారం కంట్రోల్ రూమ్‌లో ఉన్న మనిషికి ఉందా? వీటికి నిజాయితీగా అవును అని చెప్పగలిగిన చోట రియాక్టర్ కట్టొచ్చు. చెప్పలేని చోట, కరెంట్ ఎంత అవసరమైనా, ముందు రాడ్‌లు లోపలికి దించి ఆలోచించడం మంచిది.